ఈ పూట కూరేమిటి?

“ఈ పూట కూరేమిటి?” అనే ప్రశ్న వినిపించని తెలుగు లోగిలి వుండదు. అడిగేవారికి అది ఊరక అడిగే మాట. జవాబు చెప్పవలసిన యిల్లాలికి మాత్రం సంవత్సరం పొడుగునా పూటపూటా ఎదురయ్యే సమస్య. ఆ సమస్యను గురించి నాలుగు మాటలు శ్రోతలతో చెప్పదలచాము. మేము పాకశాస్త్రంలో పండితులము కాము. చాలా ఏండ్లు వంటయింటి గడపకు ఇవతలనే కూర్చుని, వడ్డించినదానిలో ఉప్పు తగ్గినదనో కారం హెచ్చినదనో తీర్పులు చెప్పినవారమే. ఆ గడప దాటవలసిన అవసరం ఎట్లా వచ్చినదో ముందుగా మనవి చేస్తాము.

నిరుడు మా అమ్మాయికి పధ్నాలుగో యేడు వచ్చినది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. సాయంత్రమయ్యేసరికి పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయేది. చదువు బరువు కాబోలు అనుకున్నాము. తీరా రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర గ్రాములే వున్నదని తేలినది. ఆ వయస్సు ఆడపిల్లకు అది 12 గ్రాములకు తగ్గరాదట. వైద్యులు ఇనుము మాత్రలు వ్రాసి యిచ్చి, “ఇంట్లో కూరలు ఏమేమి వండుతారు?” అని అడిగారు. “అన్నీ వండుతామండీ” అన్నాము. “అన్నీ అంటే ఏవి?” అన్నారు వారు. ఆ ప్రశ్నకు జవాబు మా నోటికి రాలేదు.

ఇంటికి వచ్చి ఒక నోటుబుక్కు తెరిచి, పధ్నాలుగు రోజులు పూటపూటకూ ఏ కూర వండినదీ వ్రాసి పెట్టాము. ఇరవై ఎనిమిది పూటలలో ఏడు బంగాళాదుంప, ఆరు టమాటా, అయిదు దొండ, నాలుగు బెండ, మూడు వంకాయ, రెండు క్యాబేజి. ఆకుకూర ఒకే ఒక్క పూట, అదైనా ఆదివారంనాడు. లెక్క చూచి మేము సిగ్గుపడ్డాము. మా అమ్మగారు మాత్రం ఆశ్చర్యపడలేదు. “మీరు తినేది ఆరు కూరలేరా. మిగిలినవి బజారులో చూచి పలకరించి వస్తారంతే” అన్నారు.

ఇది మా ఒక్క యింటి ముచ్చట కాదు. 2019–21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేను మొదలు నలభైతొమ్మిది సంవత్సరాల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నదని తేలినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆ లెక్క అంతకు తక్కువేమీ కాదు. దీనికి కారణాలు అనేకం. ఒక్క కూర మార్చి రక్తహీనతను పోగొట్టవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు; వైద్యులు ఇచ్చిన మాత్రలు మానవద్దు. కాని రోజూ పళ్లెంలో పడేదానికీ రక్తానికీ వున్న సంబంధం మాత్రం అల్పమైనది కాదు. ఆ సంబంధం బయటపడిన కథలో మన దేశానికీ, మన తెలుగువారికీ కూడా పాలున్నది.

1920ల చివర లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకమైన తీవ్ర రక్తహీనతను పరిశోధించారు. బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలు ఆ జబ్బుతో బాధపడేవారు. ఈస్టు సారం ఇస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ఆమె ప్రకటించారు. ఆ సారంలో పనిచేస్తున్న పదార్థమేదో మాత్రం అప్పటికి తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర తీసుకుని, దానినుండి ఒక పదార్థాన్ని వేరు చేసి, ఆకు అనే అర్థంగల లాటిన్ మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. దానిని 1945 నాటికి ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసినది లెడర్లే సంస్థలోని బృందం. ఆ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. చిన్ననాడు ఆయన ఏ తోటకూర పప్పు తిని పెరిగారో గాని, ఆకులోని ఆ గుణం మందు సీసాలోకి రావడంలో ఒక తెలుగువాని చేయి వున్నది.

ఈ ఫోలిక్ ఆమ్లం సుకుమారమైన పదార్థం. నీటిలో కరిగిపోతుంది, ఎక్కువసేపు మరిగిస్తే చెడిపోతుంది. సి విటమిను తీరూ ఇంతే. కనుక ఆకును కడిగి తరగవలె గాని తరిగి కడగరాదు. ఉడికించిన నీటిని పారబోయరాదు. పచ్చదనం నిలుస్తుందని కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. రంగు నిలిచే మాట నిజమే, సి విటమిను మాత్రం నిలువదు. మన పెద్దలకు ఈ విటమినుల పేర్లు తెలియవు. అయినా ఆకుకూరను పప్పులో వేసి వండే పద్ధతి చూడండి, ఆకులోనుండి దిగిన సారం ఎక్కడికీ పోక పప్పులోనే వుంటుంది. పైన వేసే తాలింపు నూనె కూడా రుచికి మాత్రమే కాదు. ఆకులో వుండి మన శరీరంలో ఎ విటమినుగా మారే కెరోటిను వంటబట్టాలంటే కొంచెమైనా కొవ్వు కావలె. ఇక ఆకుకూరలోని ఇనుము మాంసంలోని ఇనుమువలె సులభంగా ఒంటికి పట్టదు. సి విటమిను తోడైతే ఎక్కువగా పడుతుంది. తోటకూర వేపుడు దించిన తరువాత పిండే నిమ్మచెక్కకు అంత పని వున్నదన్నమాట. భోజనం కాగానే కాఫీయో టీయో త్రాగే అలవాటు ఆ మేలును కొంత చెడగొడుతుంది. ఈ సంగతి తెలిసిన తరువాత మేము మా కాఫీని గంటసేపు వెనుకకు జరుపుకున్నాము. మొదటి వారం కష్టమే అయినది.

ఎంత తినవలె? 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందిన సంస్థ 2024లో ఆహార సూచనలను ప్రచురించినది. రోజుకు కూరగాయలు, పండ్లు కలిసి సుమారు 500 గ్రాములు వుండవలెననీ, పళ్లెంలో సగభాగం అవే ఆక్రమించవలెననీ దాని సలహా. మన పళ్లెంలో సగమెక్కడ? మధ్యన అన్నం కొండ, దాని ప్రక్కన నంజుకునేటందుకన్నట్లు గోరంత కూర. ఊరగాయను కూడా కూరల లెక్కలో వేసుకునేవారు మనలో వున్నారు. ఊరగాయ ఉప్పు లెక్కలోనిది, కూర లెక్కలోనిది కాదు.

ఇంతవరకు చెప్పినది విని, రేపటి నుండి పిల్లల చేత బలవంతంగా ఆకులు తినిపిస్తామని బయలుదేరితే ఫలితం వుండదు. మేము ఆ పొరపాటు చేసి చూచాము. “తినమ్మా, రక్తం పడుతుంది” అంటూ మొదటి వారం మా అమ్మాయి ముందు పెట్టిన ఉప్పిడి తోటకూర అట్లాగే తిరిగి వంటయింటికి వెళ్లినది. “మందు అన్నంలో కలుపుకోమంటే ఎట్లా నాన్నా?” అన్నది. ఆ మాటకు మా అమ్మగారు నవ్వి, “అది చెప్పినదాంట్లో తప్పేమున్నది? కూర మంచిదని ఎవరూ తినరు, బాగున్నదని తింటారు” అని మర్నాడు తామే పొయ్యి దగ్గరకు వెళ్లారు. మా నోటుబుక్కులో కొత్త పుట ఆనాడు మొదలైనది.

అసలు రహస్యం కూరగాయల సంఖ్యలో కంటే వండే తీరులలో వున్నది. ఏ కూర చూచినా టమాటా, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, అంగడి మసాలా చల్లితే వంకాయకూ బీరకాయకూ తేడా ఎక్కడిది? టమాటా మీద మాకు ద్వేషం లేదు. అమెరికా ఖండం నుండి వచ్చిన టమాటా, మిరప, బంగాళాదుంప మన యింటివే అయిపోయినవి. మిరపకాయ లేని ఆంధ్ర భోజనాన్ని ఊహించడం ఈనాడు ఎవరితరం? కాని పులుపు అంటే టమాటాయే అనుకోవడం మన నాలుకకు మనం చేసుకున్న అన్యాయం. చింతపండు పులుపు వేరు, చింతచిగురు పులుపు వేరు. మామిడికాయ, చుక్కకూర, గోంగూర, దబ్బకాయ, పుల్లమజ్జిగ – ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. వీటిని మార్చినంతమాత్రాన అదే పప్పు వారంలో ఆరు రుచులవుతుంది.

ఒక్క బీరకాయను తీసుకోండి. పెసరపప్పుతో కలిపి పొడికూర చేయవచ్చు. దించేముందు పాలు పోసి కమ్మగా వండవచ్చు. నువ్వులపొడి చల్లవచ్చు. లేతకాయలను గుత్తులుగా చీరి కారం కూరవచ్చు. చక్రాలు తరిగి శనగపిండిలో ముంచి బజ్జీలు వేయవచ్చును గాని, అది పండుగ పూటకు చాలు. చెక్కిన పొట్టును పారవేయక, నూనెలో మగ్గించి, పచ్చిమిర్చి, చింతపండు చేర్చి నూరితే పచ్చడి. నేతిబీరలో నెయ్యి లేకపోవచ్చును. బీరపొట్టులో మాత్రం పచ్చడి వున్నది. మా యింట్లో ఆ పొట్టు ఎన్ని ఏండ్లు చెత్తబుట్ట పాలైనదో తలచుకుంటే మనస్సు చివుక్కుమంటున్నది.

మా అమ్మగారు ఆ వారంలో వండిన కూరలలో మేము మరవలేనిది కంద బచ్చలి. పెండ్లి విందులలో దీనిని తిన్నవారు చాలమంది వుంటారు. ఇంట్లో వండేవారు తగ్గిపోయారు. కందను చెక్కుతీసి కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకుంటారు. ఆ దుంపలో సూదులవంటి అతి సూక్ష్మమైన స్ఫటికాలు వుంటవి. చేతికైనా నాలుకకైనా దురద కలిగించేవి అవే. ముక్కలను చింతపండు పులుపు చేర్చి మెత్తగా ఉడికిస్తే ఆ దురద అణగుతుంది. సగం ఉడికిన తరువాత బచ్చలి ఆకునూ లేత కాడనూ తరిగి అందులో వేస్తారు. శనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, ఇంగువలతో తాలింపు పెడతారు. ఆ పైన వున్నది అసలు కిటుకు. ఆవాలు, ఎండుమిర్చి కొంచెం నీటితో మెత్తగా నూరి, కూర దించి వేడి తగ్గిన తరువాతనే కలుపుతారు. ఆవగింజ నలిగి తడి తగిలినప్పుడే దాని ఘాటు పుడుతుంది. పొయ్యిమీద మరగనిస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది. మేము తొందరపడి మసలుతున్న కూరలోనే ఆవముద్ద వేసి ఒకసారి చెడగొట్టాము. మా అమ్మగారు ఏమీ అనలేదు. గిన్నె వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూచి ఊరుకున్నారు. అరటిపువ్వు, పనసపొట్టు కూడా ఈ ఆవతోనే శోభిస్తవి.

కాకరకాయకు ఉప్పు, పసుపు రాచి కొంతసేపు వుంచితే చేదు తగ్గుతుంది. పూర్తిగా పిండివేసేవారున్నారు, చేదు లేని కాకరకాయను తినడమెందుకో మాకు అర్థం కాదు. పొట్లకాయకు పెరుగు, గుమ్మడికాయకు బెల్లంపులుసు, సొరకాయకు పాలు లేదా దప్పళం, గోరుచిక్కుడుకు కొబ్బరికోరు, మునగాకుకు తెలగపిండి. ఇటువంటి జోడింపులు ఏ గ్రంథంలో చూచి కనిపెట్టినవి కావు. తరతరాల నాలుకలు పరీక్షించి నిలిపినవి.

ఒక ప్రాంతంవారు మరొక ప్రాంతంవారి నుండి నేర్చుకోవలసినదీ చాలా వున్నది. కోస్తాలో చిలగడదుంప అన్నది తెలంగాణలో కందగడ్డ, రాయలసీమలో గెణుసుగడ్డ. గోంగూర తెలంగాణలో పుంటికూర. గోరుచిక్కుడు అక్కడ గోకరకాయ. పేర్లు మారినట్లే వంటలూ మారుతవి. వినాయకచవితినాడు తెలంగాణలో తుమ్మికూర వండుకుంటారు. మా వైపు ఆ మొక్కను చూచి దాటిపోయేవారే ఎక్కువ. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా రైతులు, ఎవరూ విత్తకుండానే చేలలో మొలిచే ఆకుకూరల విలువను లోకానికి చాటారు. 2008లో మాచనూరులో మొదలైన సంఘం రేడియో కూడా ఆ మహిళలదే కావడం రేడియోవారమైన మాకు ముచ్చటగా తోస్తున్నది. గంగపాయిలి, గలిజేరు, పొన్నగంటి, చెంచలి వంటి కూరలు కొనకుండా దొరికే సంపద. అయితే ఒక హెచ్చరిక. ఆకును గుర్తుపట్టగల పెద్దలు తోడు లేనిదే కోయరాదు. పురుగుమందులు, కలుపుమందులు చల్లిన చేలలోనివీ, మురుగుకాలువ గట్లమీదివీ ముట్టరాదు.

ఇంత సంపద వుండగా మన వంటయిల్లు ఆరు కూరలకు ఎందుకు కుంచించుకుపోయినది? ధరలు కారణమనేవారున్నారు. కొంత నిజమే; కాని తోటకూర కట్ట ఏనాడూ బంగాళాదుంపతో పోల్చి భయపడవలసినంత ప్రియం కాదు. మా నోటుబుక్కు మరొక కారణం చెప్పినది. ఆకుకూర ఆదివారమే ఎందుకు వచ్చినది? ఆనాడు తీరిక వున్నది కనుక. నాలుగు కట్టల గోంగూర ఆకు ఆకుగా తుంచవలె. చింతచిగురు నలిపి పుల్లలు ఏరవలె. బచ్చలిని ఇసుక పోయేదాకా మూడు నీళ్లలో కడగవలె. చిక్కుడుకాయకు రెండువైపులా ఈనెలు తీయవలె. ఉదయం ఎనిమిదిన్నరకు ఉద్యోగానికి వెళ్లవలసిన మా యింటావిడ, ఏడు గంటలకు ఆ పని ఎట్లా చేయగలదు? బంగాళాదుంప అయితే చెక్కు తీసి నాలుగు ముక్కలు చేస్తే చాలు. పోషకాహారం మీద ప్రసంగాలు వ్రాసి చదివే మేము, ఆ ఏడు గంటల వేళ పత్రిక చదువుతూ కూర్చునేవారము. కూరల వైవిధ్యం తగ్గినదని వగచే పురుషులు ముందుగా తమ చేతుల వంక చూచుకోవలె.

అందుచేత మా యింట్లో ఒక యేర్పాటు జరిగినది. రాత్రి వార్తల వేళకు రేడియో ముందు ఒక పళ్లెం, ఆకుకూర కట్టలు పెట్టుకుని కూర్చుంటాము. మేమూ, మా అబ్బాయీ, ఒక్కొక్కసారి అమ్మాయీ ఆకు బాగుచేస్తాము. రేడియోలోని సుఖమే అది. కళ్లనూ చేతులనూ అడగదు, చెవి వొక్కటి చాలునంటుంది. బాగుచేసిన ఆకును కడగకుండా పొడిగుడ్డలో చుట్టి పెడితే ఉదయానికి వాడిపోదు. పొయ్యి ఎక్కించేముందు కడిగి తరుగుతాము. మొదట్లో ఒక కట్టకు మాకు అరగంట పట్టేది. ఇప్పుడు వార్తలు ముగిసేలోగా రెండు కట్టలు అవుతున్నవి. అబ్బాయి ఇంకా పుల్లలు వదిలేస్తూనే వున్నాడు. అవి మా పంటికిందికే వస్తున్నవి.

నాలుగు నెలల తరువాత పరీక్ష చేయిస్తే అమ్మాయికి హిమోగ్లోబిన్ 12కు కొంచెం దిగువకు వచ్చినది. అది ప్రధానంగా మాత్రల చలువేనని వైద్యులు చెప్పారు. ఇకమీదట నిలబెట్టవలసినది వంటయిల్లని కూడా చెప్పారు. నోటుబుక్కు ఇప్పటికీ వ్రాస్తున్నాము. పూట ప్రక్కన అమ్మాయి తన దస్తూరీతో ఒక మాట వ్రాయవలెనన్నది ఆమె పెట్టిన నిబంధనే. ఈ వారం పుట మా ముందున్నది. సోమవారం చుక్కకూర పప్పు, “బాగున్నది”. మంగళవారం అరటికాయ ఆవపెట్టిన కూర, “బామ్మ చేస్తేనే”. బుధవారం మేము వండిన సొరకాయ పాలకూర, “ఉప్పు?” గురువారం పొట్లకాయ పెరుగుపచ్చడి, “మళ్లీ చేయండి”. శుక్రవారం కాకరకాయ పులుసు. ఆ గడిలో ఆమె ఏమీ వ్రాయలేదు.